తొడిమ

పీకలవాగు నీళ్ళు సీసాలో పట్టుకొస్తుంటే
ఆటోలో పక్కావిడ కొంగుతో ముక్కు మూసుకుంది.
మందమ్మా, అన్నాను.
ఆమె నమ్మలేదు.
అప్పటికి నేనూ పూర్తిగా నమ్మలేదు.

ల్యాబులో మూడుసార్లు వడగట్టాం.
మురికి పోయింది, కంపు పోయింది,
కంటికి ఆననివి మిగిలాయి:
ఒక తల, ఒక మెడ, సాలీడు కాళ్ళు.
ప్రాణమున్నట్టో లేనట్టో ఎవరూ తేల్చని వైరస్‌లు.
మనిషి జోలికి రావు.
వాటి ఆకలంతా బాక్టీరియా మీదే.

సైదమ్మది ఏటుకూరు రోడ్డులో కోల్డ్‌స్టోరేజీ పని.
ముప్పై ఏళ్ళుగా మిరపకాయల తొడిమలు తుంచుతోంది,
కిలోకింతని.
చేతులు మండితే మజ్జిగలో ముంచుకునేది.
కాలి మీది షుగరు పుండు మాత్రం
ఎందులో ముంచినా చల్లారలేదు.
నాలుగు నెలలు. ఏడు యాంటీబయాటిక్‌లు.
రిపోర్టులో ప్రతి మందు పక్కనా
నా చేత్తోనే 'ఆర్' అని రాశాను,
ఆర్ అంటే లొంగదని.
రాసి రాసి ఆ అక్షరం
నా సంతకంలా తయారైంది.

ఆమె పుండులోంచి తీసిన సూక్ష్మజీవి
గాజు పళ్ళెంలో పచ్చగా, పాచిలా పరుచుకుంది.
దాని మీద వాగునీటి చుక్కలు వేసి మూతపెట్టాను.
తెల్లారి చూస్తే
చుక్క పడ్డచోటల్లా కిటికీ.
కింద బల్ల మీది గీతలు కనిపించేంత శుభ్రం.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి
ఒక పళ్ళేన్ని ఫోటో తీసి ఇంట్లో చూపించాను.
ఏముంది, చిల్లులేగా, అన్నాడు మా ఆయన.
చిల్లులే.

అనుమతులొచ్చాయి. కట్టు మీద చుక్కలు వేశారు.
పుండు అంచులు ఎర్రబడి దగ్గరకొచ్చాయి.
వార్డు సిస్టర్ నాకు కాఫీ ఇప్పించింది.

పదకొండో రోజు
కిటికీ నడిమధ్యన ఒక చుక్క.
గసగసమంత.
మర్నాటికి మూడు.
ఆ పై వారం కిటికీయే లేదు.

అది పోరాడి గెలవలేదు.
ఉపాయమేదీ పన్నలేదు.
కోట్ల పుట్టుకల్లో ఎక్కడో ఒక అచ్చుతప్పు.
మా వైరస్ కాళ్ళు ఆనించి పట్టుకునే పిడి
దాని ఒంటి మీద లేదు.
పిడి ఉన్నవన్నీ చచ్చాయి కనక
లేనిదే వంశమైంది.

ఇది సైదమ్మకి చెప్పాలి.
తబిత మేడమ్ నన్ను ముందుకు నెట్టారు, నువ్వైతే సరిగా చెప్తావని.
నేను వేళ్ళతో ఏదో చూపిస్తుంటే
ఆమే అందుకుంది:
"తొడిమ లేని కాయన్నమాట.
పట్టుకుందామంటే అందదు."
అవునమ్మా.
కాసేపు కాలి కట్టుకేసి చూసి
"అయితే నిలవుండదులే," అంది.
"తొడిమ ఊడినచోట బొక్క పడుద్ది.
చెమ్మ దూరుద్ది, గింజ రాలుద్ది.
అట్టాంటి కాయ గోడౌనుకి పనికిరాదు,
వెంటనే మరకి పోవాల్సిందే."

మెట్లు దిగుతూ ఆగిపోయాను.

ఆ పిడి ఊరికే ఉన్న పిడి కాదు.
మేం పోసిన మందుని పోసినట్టే
బయటికి తోడిపోసే పంపు అది.
ప్రాణం కాపాడుకోవడానికి
పంపునే పారేసుకుందేమో ఇది?
ఫ్రిజ్ అడుగున, ఎప్పుడో పక్కనపెట్టిన
పాత మందు బిళ్ళ ఒకటి తీసి
కొత్త పళ్ళెం మధ్యలో పెట్టాను.
ఆ రాత్రి రెండుసార్లు లేచి నీళ్ళు తాగాను.

పొద్దున బిళ్ళ చుట్టూ గుండ్రంగా, ఖాళీగా నేల.
రిపోర్టులో 'ఎస్' రాయబోతే
చేయి అలవాటుగా ఆర్ వైపు వంగింది.
కొట్టేసి రాశాను.

పుండు మానుతోంది, మెల్లగా.
కాలు గోనెసంచి మీద చాపుకుని
ఆమె మళ్ళీ కాయల ముందు కూర్చుందట.
మళ్ళీ వస్తదా అని అడిగింది మొన్న.
రాదని చెప్పలేకపోయాను.
ఇంకెక్కడో ఇంకో అచ్చుతప్పు
ఈపాటికే పడి ఉంటుంది.

మేం పుట్టకముందునుంచీ వాగులో ఇదే పని:
ఒకటి తొడిమ తుంచుకుంటుంది,
ఇంకొకటి పట్టుకోను కొత్త చోటు వెతుక్కుంటుంది.

ఇవాళ మళ్ళీ బయల్దేరాను,
సంచిలో ఖాళీ సీసా.
వాన పడింది, వాగు నిండుగా కంపు కొడుతోంది.