తాడు కొస

విజీనారం గంటస్తంభం వెనక,
బట్టల కొట్టు మీద మేడగది.
రాత్రి పదకొండు.
పొద్దుటికల్లా కార్టూను చేప కళ్ళు తిప్పాలి,
దానికే ఈ చిన్న కిటికీ:
మూడు బటన్లు, ఒక స్లైడరు.

రన్ నొక్కాను.
మెరిసింది. పోయింది.
మళ్ళీ నొక్కాను,
తుమ్ము వచ్చి ఆగిపోయినట్టు.

ఎర్రక్షరం ఒక్కటి లేదు.
తిట్టినా బాగుండును పైథాను,
అలిగిన మేనత్తలా ఊరుకుంది.

టీ ఫ్లాస్కు దించుతూ తవుడుబాబు
నా భుజం మీంచి చూశాడు.
"బాల్చీ నూతిలోకి దించీసి
తాడు కొస వొగ్గీసినట్టుందమ్మా."

నవ్వబోయి ఆగాను.
ఫంక్షన్ లోపల పుట్టిన పేరు
ఫంక్షన్‌తోనే పోతోంది.
కిటికీని పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.
చెత్త ఊడ్చేది ఊడ్చుకుపోయింది,
దాని తప్పేముంది?

పేరును గడప బయట కట్టాను.
నిలిచింది, కానీ పెద్ద కిటికీ వెనక నక్కింది.
పెద్దదాని కొంగుకు ముడేశాను.
ముందుకొచ్చింది.

చేప ఎడమ కన్ను మెల్లగా కదిలింది.
"ఓలమ్మ, నన్నే సూత్తంది!"

సంబరం పట్టలేక ఇంకోసారి నొక్కాను.
పాతది పోకుండానే కొత్తది లేచింది.
మళ్ళీ నొక్కితే మూడు.

తవుడుబాబు ఫ్లాస్కు మూత తిప్పి
రెండో గ్లాసు వెతుకుతున్నాడు.