సర్వీసు పుస్తకంలో కొండలు

వారమంతా నేను లిఫ్టులు బాగుచేస్తాను.
బెంజి సర్కిల్ నుంచి భవానీపురం దాకా
మనుషుల్ని ఎక్కకుండా ఎక్కించడమే నా ఉద్యోగం.
ఆదివారం మాత్రం
ఐదింటికి లేచి కొండెక్కుతాను.
మా ఆవిడ దీన్ని ప్రాయశ్చిత్తం అంటుంది.

సర్వీసు పుస్తకం ఒకటి మిగిలిపోతే
లోపం, మరమ్మతు, సంతకం అని అచ్చులో ఉన్నవి కొట్టేసి
తేలిక, మధ్యస్థం, కష్టం అని పైన రాసుకున్నాను.
మా ఏడుగురిలో ఎవరెవరు వస్తారో
శనివారం రాత్రికి తేలాక
ఏ కొండో ఎంచడం నా వంతు.

గాంధీ కొండ తేలిక.
పైదాకా తారు రోడ్డు, రైలు కూతలు లెక్కపెడుతూ పోవచ్చు.
గుణదల మెట్లూ తేలికే, కానీ ఫిబ్రవరిలో వద్దు,
తిరునాళ్ళ జనంలో మన అడుగు మన చేతిలో ఉండదు.
కొండపల్లి కోటదారి మధ్యస్థం.
కోట వెనక అడవి బాట మాత్రం కష్టం,
ఎండుటాకుల కింద రాయుందో గుంటుందో
కాలు పెట్టాక గానీ చెప్పదు.
అంత ఎక్కి నిలబడితే
థర్మల్ గొట్టాల పొగ మనకంటే పైకి పోతుంటుంది.
కొండవీడు ఘాట్ రోడ్డయితే తేలిక,
పాత మెట్లయితే మధ్యస్థం,
సీతాఫలాల కాలమైతే ఎప్పటికి చేరతామో చెప్పలేం.
ప్రతి చెట్టు దగ్గరా పూర్ణయ్య ఆగిపోతాడు.

ఎత్తును బట్టి రాయకూడదని మూడో ఏడు తెలిసింది.
దేవసహాయం మోకాలు ఎక్కేటప్పుడు మాట్లాడదు,
దిగేటప్పుడు మాట్లాడుతుంది.
మేలో తొమ్మిది దాటితే ప్రతి తేలికా ఒక గడి జరుగుతుంది.
వాన పడ్డ మర్నాడు రెండు.
హవాయి చెప్పులతో వచ్చినవాడుంటే, వాణ్ణి బట్టి.

ఇదంతా ఓ తెల్లవారుజామున చదివి వినిపిస్తుంటే
కొత్తగా చేరిన జాన్‌బీ
మజ్జిగ సీసా మూత బిగిస్తూ అడిగింది:
"మా ఇల్లు ఏ గడిలో రాస్తావన్నా?"

మొగల్రాజపురం కొండ మీద వాళ్ళిల్లు.
సాయంత్రం వెళ్ళాను, పుస్తకం జేబులో పెట్టుకొని.
రెండొందల పన్నెండు మెట్లు. ఏ రెండూ ఒక ఎత్తు లేవు.
ఒక మెట్టు మీద ముగ్గు, ఒక మెట్టు మీద కుక్క నిద్ర,
ఒకటి ఎవరింటికో గడప కూడా.
గ్యాసు బండ భుజానేసుకొని ఒక కుర్రాడు
ఈల వేస్తూ నన్ను దాటిపోయాడు.
నూట నలభై దగ్గర నేను
నీళ్ళ పైపును పరీక్షిస్తున్నట్టు నిలబడ్డాను.

పైన టీ ఇచ్చింది.
కింద ఊరు ఒక్కో లైటే వేసుకుంటోంది.
నా లిఫ్టులున్న మేడలు వేలుపెట్టి చూపించాను.
"మధ్యస్థం," అన్నాను, "బరువుంటే కష్టం."

నవ్వి, ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది.
లిఫ్టు గదంత బండరాయి.
కింద మట్టి కోసుకుపోయింది,
ఒక వేపమొక్క వేళ్ళు దాన్ని పట్టుకొని ఉన్నాయి.
"ఎక్కడం దిగడం అలవాటేలే.
వాన రాత్రి ఇదిక్కడ ఉందని తెలిసి
పిల్లల్ని నిద్రపుచ్చి నేనూ పడుకోవడం...
దానికి గడి ఉందా?"

లిఫ్టుకి నాలుగు తాళ్ళుంటాయి,
ఒకటి తెగినా తక్కినవి మోస్తాయి.
ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.
రాయి మీద చెయ్యి పెట్టాను.
పగటి ఎండ ఇంకా ఉంది లోపల.

దిగేటప్పుడు నా మోకాలు కూడా మాట్లాడింది.

తర్వాతి ఆదివారం జాన్‌బీ గాంధీ కొండే అడిగింది.
"వారానికొక్కసారైనా తేలికది ఎక్కనియ్యన్నా."
తారు రోడ్డు మీద అందరికంటే ముందు
చేతులూపుకుంటూ, బిందె లేకుండా, సంచి లేకుండా నడిచింది.

మొగల్రాజపురం పేజీలో
నేను రాసుకున్న మూడు మాటలూ చెరిపేశాను.
కొట్టేసిన అచ్చు మాటల కిందే నింపాను.
లోపం: ఇంటి వెనక బండ.
మరమ్మతు: కాలేదు.
సంతకం
ఎవరు పెట్టాలో నాకు తెలీదు.