ప్రమాదం లేని రోజులు

ఇంటర్వ్యూకి పోయే ముందు
కంపెనీ గురించి బాగా చదువుకోమన్నాడు మా ట్యాలీ సారు.
రాత్రి ఫోన్లో చదివినా.
ఫోటోల్లో అందరికీ పసుప్పచ్చ హెల్మెట్లు,
అందరిదీ ఒకటే నవ్వు,
కొండ వెనక ఎండ కూడా ఇస్త్రీ చేసినట్టుంది.
టర్నోవరు, టన్నులు, పెట్టిన సంవత్సరం,
ఛైర్మన్ నాయన పేరు
అరచేతిలో రాసుకుని పడుకున్నా.
తెల్లారేసరికి నాయన పేరు దిండుకంటుకుంది.

ఇంకా ఒక దినముంది.
ప్రొద్దుటూరులో ఎర్రగుంట్ల బస్సెక్కినా.

ఫ్యాక్టరీ ఇంకా అర మైలుండంగానే
కానుగ చెట్లు చెప్పడం మొదలుపెట్టినాయి.
ఆకుకు మీద బూడిద, అడుగున పచ్చన.
ఒక ఆకు తుడిచి చూసినా.
వేలికంటింది కడిగితే పోలేదు,
నీళ్ళు తగిలేకొద్దీ బిగుసుకునింది.

గేటెదురుగా నాపబండలు పరిచిన పీరమ్మ టీ బంకు.
"యాడ్నుంచి పాపా? అప్రెంటిసా?"
కాదవ్వా, రేపు ఇంటర్వ్యూ అన్నా.
గ్లాసు కడగడం ఆపి
కాళ్ళ నుంచి తల దాకా చూసింది,
నేను కంపెనీని చూడ్డానికి వచ్చినట్టే.

ఫోన్లో లేనివన్నీ ఆమె దగ్గరున్నాయి.
జీతాలు ఏడో తేదీ అంటారు,
ఆమె అరువు పుస్తకంలో గీతలు పన్నెండు దాకా పోతాయి.
కొత్త మేనేజరు చక్కెర లేని టీ పంపమంటాడు.
పాతాయన మూడు చెంచాలు వేయించుకుని
బాకీ పెట్టి బదిలీ అయిపోయినాడు.
ఆడోళ్ళ బాత్రూము రెండో గేటు కాడ,
తాళంచెవి సెక్యూరిటీ నాగమునెయ్య జేబులో.
సోమవారం క్యాంటీన్ ఉగ్గాని తినొచ్చు, మిగతా దినాలు వద్దు.
షిఫ్టు సైరను మోగితే
బంకు కింద పడుకున్న కుక్క కూడా లేచి నిలబడుతుంది.

అన్నీ రాసుకుంటా తలెత్తితే
గేటు లోపల బోర్డు.
ఆకుపచ్చ రేకు మీద తెల్లని పెయింటు:
ప్రమాదం లేని రోజులు.
పక్కన చాక్‌పీసుతో
రెండు వందల పద్నాలుగు.

"మంచి కంపెనీనే గదవ్వా" అన్నా.

పాలు పొంగకుండా మంట తగ్గించింది పీరమ్మ.
"ఆ లెక్క పర్మనెంటోళ్ళది పాపా.
కాంట్రాక్టోడు లోపల పడినా గేటు బయట పడినట్టే.
మొన్న దసరాకి ముందు చౌడప్ప
సైలో నిచ్చెన మీంచి పడినాడు.
పద్దెనిమిది టీల బాకీ.
నేను ఆ గీతలు చెరపలేదు.
వాళ్ళు ఆ అంకె చెరపలేదు."

తిరుగు బస్సులో నోట్సు తీసినా.
రేపు ఇందులో ఏది చెప్పాల?
చీరలకు ఫాల్సు కుట్టిన అమ్మ దుడ్లు
టికెట్టై నా వేళ్ళ మధ్య తడిసిపోయింది.

మరుసటి దినం ఏసీ గదిలో ముగ్గురు.
"మా కంపెనీ గురించి నీకేం తెలుసు?"
టర్నోవరు చెప్పినా. టన్నులు చెప్పినా.
సంవత్సరం చెప్పినా.
ఛైర్మన్ నాయన పేరు కూడా సరిగ్గానే వచ్చింది.
నడిమధ్యన కూర్చున్నాయన
కప్పులో చెంచా తిప్పలేదు.

"టైమాఫీసు పని. హాజరు, గేటు పాసులు,
చిన్నాచితకా రాతపనులు.
నువ్వేమన్నా అడగాలనుకుంటున్నావా?"

ఆ బోర్డు మీద అంకె ఎవరు రాస్తారు సార్?

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
చూసుకోకపోవడం నేను చూసినా.
"చేరితే, నువ్వే" అన్నాడు చక్కెర లేనాయన
నా మార్కుల కాగితం తిప్పుతా.
"చేతిరాత బాగుంటుందా?"

బాగుంటుందన్నా.
అబద్ధం కాదు.
బడిలో నల్లబల్ల మీద రోజూ తేదీ నేనే రాసేదాన్ని.

బయటికొచ్చి పీరమ్మ దగ్గర టీ తాగినా.
దుడ్లియ్యబోతే వద్దని
అరువు పుస్తకం తీసింది.
చౌడప్ప పేజీ దాటించి
ఖాళీ పేజీ మీద పెన్ను పెట్టి
"పేరేమి పాపా?" అనింది.

సైరను మోగింది.
కుక్క లేచి నిలబడింది.