మంచు పని

కృష్ణానగర్ల మూడంతస్తుల డాబా మీద
నేను, బుడాన్ భాయ్,
ఒక నిచ్చెన, ఒక చేట,
ఏప్రిల్ పొద్దటి ఎండ.

రేపు ఫ్లోర్ల మంచు పడాలె.
నిన్నటిది పడలే, రాలింది.
కెమెరా సారు అన్నడు:
"ఇది మంచా? రేషన్ బియ్యమా?"

థర్మాకోల్ గోలీలు గుండ్రంగుంటయ్,
గుండ్రందానికి ఒక్కటే తొవ్వ, కిందికి.
ఉప్పైతే బాకీ వసూలుకొచ్చినోని లెక్క
సక్కగ వచ్చి నెత్తి మీద కూసుంటది.
దూది పంకాకు చుట్టుకున్నది.
సబ్బు నురగ హీరోయిన్ కండ్లల్ల పడ్డది;
ఆ సీన్ల ఏడుపొక్కటే అసలుది.

నేను మంచు చూడలే.
బుడాన్ భాయ్ చూసిండు, ఒక్కసారి,
కులూల లైట్లు మోసినప్పుడు.
అది ఎట్ల దిగుతదో చేత్తో చూపిస్తడు:
అరచెయ్యి బోర్లించి
ఇటు జారి, జర ఆగి,
అంచు మీద ఒరిగి,
ఏదో మర్చిపోయినట్టు
అటు జారి, మళ్ళ ఆగి.
"దానికి జల్ది ఉండది బేటా.
గాలి తోటి మాట్లాడుకుంట వస్తది.
పహ్లే ఆప్ అంటది ఇది,
నై నై, పహ్లే ఆప్ అంటది గాలి."

ఆ చేతికి రెండు వేళ్ళు లేవు,
పాత పంకా తిన్నది.
ఆ సందుల్ల నుంచి గాలి పోతుంటే
చెయ్యి ఇంకింత తేలికైనట్టు కనపడ్డది నాకు.
అప్పుడు చెప్పలే.

కింద హోటల్ల బాలనర్సవ్వ
తెల్ల ఉల్లిగడ్డలొలిచి చేట దులిపింది.
రెండు గోడల నడుమ వేడిగాలి
ఒక పొట్టును మా దాకా ఎత్తింది,
వదిలేసింది.

ఇటు జారింది.
ఆగింది.
బుడాన్ భాయ్ చెయ్యి
దాని వెనకాలనే, గాల్ల.

"పొట్టా? ఏం జేస్కుంటరు?"
"మంచు, అవ్వా."
ఆమె ఆకాశం దిక్కు చూసింది,
మా దిక్కు చూసింది,
రెండు గోనెసంచులిచ్చి
నవ్వు మాత్రం దాచుకోలే.

రాత్రంత కత్తెరతోని
పొట్టు పొట్టుకూ చిల్లులు పెట్టినం.
ఎందుకని అడగలే భాయ్.
తన చెయ్యి ఒకపారి చూసుకున్నడు.

తెల్లారి ఫ్లోరంత ఉల్లివాసన.
అయినా కెమెరా సారు
కట్ చెప్పుడు మర్చిపోయిండు.

అసలు మంచైతే కరుగుతదట.
మాది ఊడ్వాలె.
ప్యాకప్ అయినంక చీపుర్లు పట్టుకున్నం.
పైన లైట్ల కడ్డీ మీద చిక్కుకున్నదొకటి
అప్పుడు బయలుదేరింది,
ఒక్కతే,
ఎవరూ పిలువకుంటనే.

బుడాన్ భాయ్ చీపురు ఆపి
పంకా బంద్ చెయ్యమన్నడు.