మూడో రంగం

మా ఆయన గొంతు ఊళ్ళో ఎవరూ వినలేదు.
పదకొండేళ్ళుగా తెర పక్కన, పీట మీద,
చంకలో టార్చిలైటు, ఒళ్ళో నాటకం ప్రతి.
అందరి మాటలూ ముందు తనే అంటాడు,
చప్పట్లు మాత్రం రెండోసారి అన్నవాళ్ళకి.

పగలు ఎరువుల కొట్లో గుమాస్తా.
రాత్రి భోజనాల వేళ
జమీందారు, ఇల్లొదిలిపోయిన తమ్ముడు, కోర్టు అమీనా,
అప్పుల్లో మునిగిన పంతులు,
అందరూ గుసగుసగానే వచ్చి కూర్చుంటారు మా పీటల మీద.
పులుసు వడ్డిస్తూ వడ్డిస్తూ
నాకు మూడో రంగం దాకా నోటికొచ్చేసింది.
అత్తగారికి వినపడదు గనక సరిపోయింది,
లేకపోతే కొడుకు ఎవరిమీదో
కుట్ర పన్నుతున్నాడనుకునేది.

ఈసారి పోటీలు నరసాపురంలో.
"మీరూ రండి" అన్నాడు, మొదటిసారి.
అదీ గుసగుసగానే.

మిషను మీద గుడ్డ కప్పేశాను.
పెళ్ళివారి జాకెట్లు మూడు సోమవారానికి వాయిదా.
హిమజకి గళ్ళ గౌను.
బీరువాలో మూలుగుతున్న చెవి మిషను తీసి
అత్తగారు తనే పెట్టుకుంది.
ఒక డబ్బాలో పులిహోర,
ఇంకో డబ్బాలోనూ పులిహోరే, అది నటులకట.

సఖినేటిపల్లి రేవులో పంటెక్కాం,
రెండు మోటారు సైకిళ్ళ మధ్య,
కొబ్బరికాయల ట్రాక్టరు నీడలో.
అత్తగారు నీళ్ళలోకి రూపాయి విసిరి
"ఏమే, ఇంకా ఒళ్ళు చేశావు" అంది గోదారితో,
కూడా చదువుకున్నదాన్ని సంతలో చూసినట్టు.
గాలికి పిల్ల జడ విడిపోయింది.
అల్లబోయి ఊరుకున్నాను.
నా కొంగే నా మాట వినడం లేదు.
వంటింటికీ కుట్టు మిషనుకీ మధ్య
ఎవరి లెక్కలోకీ రాని ఇరవై నిమిషాలు,
డీజిలు వాసనతో సహా ఎంత బాగున్నాయో.

హైస్కూలు ఆవరణలో షామియానా.
మూడో వరస మాది.
మా ఆయన కనపడడు,
తెర మడతలో ఓ వెలుగుచుక్క అంతే.
"అదిగో నాన్న" అంది హిమజ
మిణుగురుని చూపించినట్టు.

జమీందారు వేషం పేరిశెట్టి మాస్టారిది.
మీసం కుడివైపు ఊడుతోందని
ఆటంతా ఎడంపక్కే తిరిగి ఆడుతున్నారు పాపం.
మూడో రంగంలో తమ్ముడొచ్చి కాళ్ళ మీద పడ్డాడు.
మాస్టారు చెయ్యెత్తారు.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

వెలుగుచుక్క మా వైపు తిరిగింది.
ఆయ్, మా వైపే.
ప్రతిలో ఉండాల్సిన మనిషి
ఒళ్ళో డబ్బాలు పెట్టుకు కూర్చున్న మమ్మల్ని
చూస్తూ ఉండిపోయాడు.

మైకు దగ్గర ఓ దోమ, అందరికీ వినపడేంత పెద్దగా.

అప్పుడు లేచింది హిమజ, కుర్చీ మీదకి, చెప్పులతోనే:
"తలుపు తీసే ఉందిరా తమ్ముడూ!
కళ్ళే, నేను మూసుకున్నాను!"

మాస్టారు ఆ మాటని గాల్లోనే అందుకున్నారు.
అన్నారూ అంటే మరి అలా అన్నారు.
మీసం రాలి పడినా ఎవరూ నవ్వలేదు,
నవ్విందేదో తెర పడ్డాకే.
చప్పట్ల మధ్య అత్తగారు పక్కావిడతో
"మా మనవరాలండి. అచ్చం వాళ్ళ నాన్న గొంతు" అంది.

బహుమతి తణుకు వాళ్ళెవరో పట్టుకెళ్ళారు.
ఆఖరి పంటు మేం చూస్తుండగానే వెళ్ళిపోయింది.
తెల్లారేదాకా రేవు మెట్లే గతి.
దిగులు పడాలని తోచలేదు ఎవరికీ.
మిరపకాయ బజ్జీల కాగితం మీద చెయ్యి తుడుచుకుని
"గట్టిగా చెప్పరా ఒకసారి" అంది అత్తగారు.

లేచి నిలబడ్డాడు.
టార్చిలైటు పిల్లకిచ్చాడు, మొహం మీద వెయ్యమని.
జమీందారూ తనే, తమ్ముడూ తనే,
తన కాళ్ళ మీద తనే పడబోయి తూలాడు.
అవతలి ఒడ్డున ఓ కుక్క మొరిగేంత గొంతు!
ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో.
మధ్యలో ఆగాడు, నా వంక చూశాడు.
నేను అందించాను, గుసగుసగా.

ఆ తరవాత చూస్తే
నటులకని తెచ్చిన డబ్బా ఇవ్వడం మరిచి
సంచిలోనే ఉంది.
తిన్నాం.