తాళం

వలల ఫ్యాక్టరీ మూతపడ్డాక
హల్ రేవు పక్క బాక్సింగ్ జిమ్‌లో చేరాను.
ఒకప్పుడు అది ఐసు గోదాము.
చేపలు పోయి ఇన్నేళ్ళయినా
వాన పడితే గోడలు ఇంకా నీచు కొడతాయి.
అక్కడే డారెల్ వింటర్‌టన్ చేతులకు
పదకొండేళ్ళు పట్టీలు చుట్టాను.

ఆ చెయ్యి గురించి చెప్పాలి.
ఇతరులకు రెండు చుట్టలు చాలేవి, అతనికి మూడున్నర.
వేళ్ళ సందుల్లోంచి టేపు లాగుతుంటే
మణికట్టులో నాడి నా బొటనవేలికి తగిలేది.
మంగళవారాలు అది
నెమరేసే ఎద్దులా నింపాదిగా నడిచేది.
పోటీ రాత్రి మాత్రం
అట్టపెట్టెలో పడ్డ పిచుక.

మంగళవారం డారెల్‌ని చూసినవాళ్ళు
ప్రపంచ చాంపియన్‌ని చూశామని ఇప్పటికీ ఒట్టేస్తారు.
ఎడమచేత్తో బస్తాని కొడితే
దూలం మీది సున్నం రాలి టీ కప్పుల్లో పడేది.
తిట్టుకుంటూ తాగేవాళ్ళం.
లండన్ నుంచి డబ్బిచ్చి పిలిపించిన ఆరున్నర అడుగుల మనిషి
రెండో రౌండులో గ్లవ్స్ విప్పేసి
"నాకు పిల్లలున్నారు" అని రైలెక్కాడు.

పోటీ రోజున వేరే డారెల్.
మేజోళ్ళు తొడిగి, విప్పి, తిరగేసి, మళ్ళీ తొడిగేవాడు.
బాత్రూం తలుపు వెనక కుళాయి చప్పుడు,
దాని కింద ఇంకో చప్పుడు.
మేమంతా మా బూట్ల వైపు చూసేవాళ్ళం.
కోచ్ మిక్ గార్‌బట్ లేచి రేడియో పెంచేవాడు.
మాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

షెఫీల్డ్‌లో నాలుగో రౌండు ముగిసింది.
నాలుగూ మావే. అవతలివాడి కన్ను
మాగిన నేరేడుపండులా మూసుకుపోయింది.
డారెల్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.
స్పాంజి పిండుతున్నాను.
నా చెవి దాకా వంగి
చాలా మర్యాదగా అడిగాడు:
"డోరీన్, ఇంటికి తాళం వేశానా?"

ఏడువేల మంది అరుస్తున్నారు.
నేను నిజం చెప్పాను:
"నాకెలా తెలుస్తుంది, నాయనా?"

తలెత్తి జనంలోకి చూశాడు,
ఆ దీపాల వెనకాల
తమ వీధి ఉన్నట్టు,
తలుపు గాలికి కొట్టుకుంటున్నట్టు.
గంట మోగింది. లేచాడు.
ఎడమచెయ్యి ఉండాల్సిన చోట లేదు.

గాజు దవడ అని రాశాయి పత్రికలు.
ఆ దవడ మీద గొడ్డలి వేస్తే గొడ్డలే మొండిబారేది.
పిరికిపంద అన్నాడు మిక్,
ఒక్కసారే, కారులో.
గూల్ ఊరు దాటేదాకా ఎవరం నోరెత్తలేదు.
పిరికివాడైతే ఇరవై రెండుసార్లు రింగు మెట్లెక్కుతాడా?
భయం లేనివాడికి ఆ మెట్లు నాలుగే.
డారెల్‌కి ఎన్నో
నేనెప్పుడూ అడగలేదు.

రాత్రి రెండింటికి ఇల్లు చేరాం.
వాచిన కళ్ళకు తాళంకప్ప కనబడక
చెవి నా చేతికిచ్చాడు.
"చూశావా, వేసే ఉంది" అన్నాను.
"ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

వల అల్లేవాళ్ళకు కళ్ళతో పని లేదు.
ఒక్క ముడి సడలినా వేళ్ళకు తెలిసిపోతుంది.
పదకొండేళ్ళు ఆ పిచుక నా బొటనవేలి కిందే కొట్టుకుంది.
కుర్రవాడి కంగారులే అనుకుని
పైనుంచి టేపు బిగించేశాను.
వేశావు, నేను చూశాను.
ఆ మూడు మాటలూ ఇప్పుడు రాత్రిళ్ళు
వంటింట్లో గిన్నెలతో చెబుతుంటాను.
అబద్ధమేం కాదు కూడా, తీరా చూస్తే.

డారెల్ ఇప్పుడు కారవాన్ల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు.
గురువారాలు ఒక డాక్టరమ్మతో మాట్లాడతాడట,
వాళ్ళక్క చెప్పింది.
మొన్న రొట్టెల కొట్టు దగ్గర కనబడి
నా సంచీ అందుకున్నాడు, మోకాళ్ళెలా ఉన్నాయన్నాడు.
సంచీ మారేటప్పుడు మణికట్టు నా వేళ్ళకు తగిలింది.
ఎద్దో పిచుకో చెప్పలేను.
నదిగాలికి
వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి.