పెన్సిలు చుక్క

పాఠ్య పథకంలో ఆఖరి గడి పేరు
'ఆశించిన ప్రవర్తనా మార్పులు'.
మిగతావన్నీ స్కేలు పెట్టి గీసి నింపేస్తాను.
అక్కడికొచ్చేసరికి కలం ఆగుతుంది.
"విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, వివరిస్తాడు" అని
సీనియర్ల రికార్డుల్లోంచి దించుకోవడం మా కాలేజీలో ఆచారం.
నేనూ దించాను.

మా ఇల్లు జ్ఞానాపురం.
పోర్టు బొగ్గు గాలికి లేచొచ్చి
రాత్రి తెరిచిపెట్టిన పుస్తకం మీద
తెల్లారేసరికి ఒక పొర.
నా మొదటి పలక మా కిటికీ అద్దమే.
ఆ నలుపు మీద వేలు పట్టి దిద్దించి
ఆనక తడిగుడ్డతో తుడిచేసేది అమ్మ.
ఆమెకి 'ఋ' దాకానే వచ్చు.
ఆపైన నేనొక్కదాన్నే ఎక్కాను.

ఎందుకు టీచరవుతావని కాలేజీలో మొదటిరోజు అడిగితే
డాల్ఫిన్ నోస్ మీది లైట్ హౌసులా
దారి చూపిస్తానన్నాను.
చప్పట్లు కొట్టారు.
ఇప్పుడు తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి.

జాలరిపేట మున్సిపల్ బడి. ఏడో తరగతి.
పాఠం: ఆటుపోట్లు.
రెండు రాత్రులు కూర్చుని చార్టు గీశాను,
భూమి, చంద్రుడు, మధ్యలో బాణాలు.
మూడో బెంచీ నుంచి గరికిన ఎల్లాజీ చెయ్యెత్తాడు.
"మేడం, అష్టమికి నీరెందుకు నీరసపడిపోద్ది?"
నా చార్టులో అష్టమి లేదు.
పౌర్ణమి ఒక్కటే ఉంది, నిండుగా, పసుప్పచ్చగా.
వెనక కూర్చున్న అబ్జర్వర్ గారు ఏదో రాసుకున్నారు.
"రేపు చెప్తాను" అన్నాను.

రేపు, జవాబు పట్టుకుని వెళ్లాను.
వాడు లేడు.
వేట నిషేధం అర్ధరాత్రితో ముగిసింది.
సగం బెంచీలు సముద్రం మీదున్నాయి.

హాజరు వేసే హక్కు ట్రైనీలకుండదు.
అయినా వాడి పేరెదుట పెన్సిలుతో చుక్క పెట్టాను.
వచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు.
పదకొండు చుక్కలు.

పన్నెండోనాడు చీకటితో హార్బరుకి వెళ్లాను
వాణ్ణి చెయ్యి పట్టి తెచ్చేద్దామని, సినిమాలోలాగ.
రొయ్యలు ఏరుతున్నాడు. పెద్దవి ఇటు, చిన్నవి అటు.
వేళ్లు తెల్లగా నానిపోయాయి.
"మేడం, చేపలకొచ్చేరా?"
దారంతా కూడబలుక్కున్న ఉపన్యాసం
ఒక్క ముక్క గుర్తు రాలేదు.
"నువ్వడిగినదానికి జవాబు తెచ్చాను" అన్నాను.

పొడి ఐసు మీద వేలితో గీశాను.
ఇక్కడ మనం, అక్కడ చంద్రుడు,
ఈ మూల సూర్యుడు.
వాడు చూశాడు. వాళ్ల నాన్న చూశాడు.
తట్టల ఆడవాళ్లిద్దరు దించకుండానే ఆగి చూశారు.
"అయితే ఇద్దరూ చెరోపక్కా లాగతంటే
నీరు ఎటూ ఎల్లలేదన్నమాట" అన్నాడు.
"మాయమ్మా అయ్యా మజ్జిన నాలాగ."
తట్టలావిడ పకపకా నవ్వింది.
వాళ్ల నాన్న వలకేసి తిరిగాడు.
సూర్యుడు ముందు కరిగాడు, తర్వాత మేం.

సోమవారం వచ్చాడా అంటారు మీరు.
మూడో పీరియడుకి వచ్చాడు, అన్నం తిని వెళ్లిపోయాడు.
మంగళవారం లేడు.
గురువారం వాళ్ల చెల్లెల్ని కూడా తీసుకొచ్చాడు,
ఒళ్లంతా చేపల వాసన.
పక్కవాడు జరిగితే ఆ ఖాళీలో నేను కూర్చున్నాను.

నలభై రోజులూ అయిపోయాయి.
ఆఖరి గడిలో ఈసారి దించలేదు.
'అష్టమి సంగతి నాకు తెలిసింది' అని రాశాను.
'విద్యార్థి ప్రవర్తన రాయవలెను',
ఎర్ర సిరా. రెండు మార్కులు పోయాయి.

చుక్కలు చెరిపెయ్యమని క్లాసు టీచరు రబ్బరిచ్చారు.
చెరిపాను.
ఒకటి వదిలేశాను, ఎక్కడో చెప్పను.

డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు.
గోడ మీద క్యాలెండరు మాత్రం
ఎల్లుండి అష్టమి అంటోంది.
తెల్లారకుండా హార్బరుకి వెళ్లాలి.
నీరెలా ఉందో
వాణ్ణే చెప్పమంటాను.